పదహారేళ్ళుగా అచ్చులో

విజయనగరం,
18 జూన్ 2024

ఒసే కన్యా,

కవరు బరువు చూసి భయపడకు, ముప్పై ఒక్క పేజీలే. ఆర్టీసీ కార్గోలో వేశాను, రేపు పొద్దున్నకి శ్రీకాకుళం బస్ కాంప్లెక్సుకి వస్తాది, తెచ్చుకో. ఫోనులో ఫైలు పంపితే తెరవ్వు. కాగితం మీద పడితే గాని తప్పు కంటికి ఆనదంటావు. పైన ఉత్తరం లేకపోతే పార్సిలే విప్పనంటావు. జిల్లా మొత్తం మీద ఇంత పొగరున్న డీటీపీ షాపు ఇంకోటి లేదు తల్లీ. అయినా నీ దగ్గరికే వస్తాం, ఏం చేస్తాం!

సంగతి చెప్తాను. మా కాలేజీలో అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టు ఒక్కటే ఉంది. జనవరిలో ఇంటర్వ్యూ. పెద్ద జర్నల్లో ఒక వ్యాసం అచ్చుకి ఒప్పుకున్నట్టు అప్పటికి నా చేతిలో కాగితం ఉండాలి. మా డిపార్టుమెంటులో అర్చన అని ఒక పిల్ల ఉంది, నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది. దానికి ఇప్పటికే రెండున్నాయి. స్టాఫ్‌రూములో అది నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ మాట నీతో తప్ప ఎవరితోనూ అనలేను.

ఈ ఢిల్లీ జర్నలు వాళ్ళు విషయం చదవకముందే వెనక రిఫరెన్సుల పట్టిక చూస్తారట. అది సరిగ్గా లేకపోతే అక్కడికక్కడే తిప్పి పంపేస్తారట. ఏపీఏ ఏడో ఎడిషన్ పద్ధతి కావాలి. పేరు ముందా, సంవత్సరం ముందా, ఏది వాలు అక్షరాల్లో ఉండాలి, ఈ చాదస్తం నాకెప్పుడూ ఒంటబట్టలేదు. నువ్వు పదేళ్ళుగా చేస్తున్నదే ఇది కదా. అప్‌లోడ్ కూడా నువ్వే చేసెయ్యి.

రాసింది మన కళింగపట్నం మీద, ఎండుచేపల ఆడవాళ్ళ మీద. నీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను.

నీ రూమ్మేటు,
అనూరాధ


శ్రీకాకుళం,
29 జూన్ 2024

అనూరాధకి,

పార్సిలు అందింది. ఉత్తరం ఉంది కాబట్టి విప్పాను.

ముప్పై ఏడు రిఫరెన్సులు పెట్టావు. అందులో సరిగ్గా ఉన్నవి నాలుగు. పిల్లలకి పాఠం చెప్పే దానివి, నీకు సిగ్గు లేదేటే? పన్నెండో దానికి సంవత్సరం లేదు, పంతొమ్మిదో దానికి పేజీలు లేవు, ఇరవై ఆరో పుస్తకం వేసిన ఊరు రాశావు గాని వేసినవాళ్ళ పేరు రాయలేదు. ఇప్పటి పద్ధతిలో ఊరు అక్కర్లేదు, పేరే కావాలి. సనపల నీలవేణి 1998 అని ఒకచోట, గేదెల నీలవేణి 2004 అని ఇంకోచోట పెట్టి, ‘వీరిద్దరి అభిప్రాయాలూ ఏకీభవిస్తున్నాయి’ అని రాశావు. ఎందుకు ఏకీభవించవు? ఇద్దరూ ఒకటే మనిషి. ఆవిడకి మధ్యలో పెళ్ళయ్యి ఇంటిపేరు మారింది. షాపులో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను.

అన్నీ దిద్దుతాను, అది నాకు లెక్కలోది కాదు. ఒక్కటి మాత్రం నువ్వే చెప్పాలి.

తొమ్మిదో పేజీలో ఒక పేరా ఉంది. ఒడ్డున చేపలు ఎండబెట్టే చోటుకి, మొదట అక్కడ పరిచిన ఆడమనిషి పేరే నిలిచిపోతుందని రాశావు. ఆవిడ పోయాక ఆ చోటుకి వచ్చిన కోడలు మొదటి గంప దించేటప్పుడు ఆ పేరు పైకి చెప్పాలని, అలా చెప్పినన్నాళ్ళే చోటు వాళ్ళదని రాశావు. నీ వ్యాసం మొత్తం దీని మీదే నిలబడింది. ముందు ఎనిమిది పేజీలూ దీనికి దారి, తర్వాతి ఇరవై రెండూ దీని మీద కట్టిన మేడ. అలాంటి పేరాకి కింద మూలం లేదు. ఈ సంగతి నీకెవరు చెప్పారు? పేరు రాసి పంపు, పట్టికలో పెడతాను.

కన్యాకుమారి


విజయనగరం,
9 జూలై 2024

కన్యా,

నువ్వు తిట్టినా బాగుంటుంది. నీలవేణి గారి సంగతి ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది.

తొమ్మిదో పేజీ గురించి అడిగావు. అది ఆ ఒడ్డున అందరికీ తెలిసిన సంగతే కదే. భావనపాడు వెళ్ళినా ఇలాంటివే చెప్తారు. అందరి నోటా ఉన్న మాటకి మూలం ఎవరని రాస్తాం? ‘క్షేత్ర పర్యటనలో సేకరించినది’ అని ఒక ముక్క కలిపెయ్యి, సరిపోతుంది. నేను అక్కడికి ఎన్నిసార్లు వెళ్ళలేదు! ఆ మాటకొస్తే నువ్వూ నేనూ కలిసే వెళ్ళాం. హాస్టల్లో నువ్వు ఎన్ని చెప్పావో, నేను ఎన్ని చెప్పానో, ఎవరిది ఏదో ఇప్పుడెవరికి తెలుసు?

నిన్ను మరిచిపోలేదులే. చివర కృతజ్ఞతల్లో ఇలా రాశాను చూడు: ‘ఈ వ్యాసాన్ని ఓపికగా, అందంగా టైపు చేసిన శ్రీమతి పేడాడ కన్యాకుమారికి ధన్యవాదాలు.’ ఢిల్లీ జర్నల్లో నీ పేరు! మీ ఆయనకి చూపించు.

ఈ నెలాఖరులోగా పంపేస్తే నవంబరుకి జవాబు వస్తుంది. అర్చన మూడోది రాస్తోందట. దాని చెయ్యి పడిపోనూ! పాపం, అలా అనకూడదు. అనేశాను.

అనూరాధ


శ్రీకాకుళం,
24 జూలై 2024

ప్రియమైన అనూరాధకి,

పని పూర్తయ్యింది. చాలా బాగా వచ్చింది, నాకే ముచ్చటేసింది.

కృతజ్ఞతల్లో నా పేరు చూశాను. సంతోషం. ‘అందంగా’ అన్నావు, అంత పెద్ద మాట ఎందుకు?

మొత్తం పట్టిక, మార్పులు చేసిన పేజీలు అన్నీ ప్రింటు తీసి పంపుతున్నాను. నా షాపు రూలు నీకు తెలుసు. పట్టిక కట్టిన మనిషి దాన్ని తనే సరిచూడకూడదు, రెండో కన్ను పడాలి. రాసినవాళ్ళు ప్రతి పేజీ చదివి కింద సంతకం పెడితే గాని నేను అప్‌లోడ్ చెయ్యను. తీరిగ్గా చదువు.

నీ కన్యాకుమారి


విజయనగరం,
27 జూలై 2024

కన్యా,

నువ్వు చేశాక నేను చూసేదేముంది! అడ్మిషన్ల గోలలో తల ఎత్తడానికి లేదు. అన్ని పేజీల మీదా సంతకం పెట్టేశాను. పంపించెయ్యి. పోస్టు వస్తే నీకు పొందూరు చీర, నువ్వే ఎంచుకుందువు గాని.

అనూ


విజయనగరం,
6 నవంబరు 2024

కన్యాకుమారికి,

ఏటి చేశావే నువ్వు? ఏటిది?

ఎడిటర్ దగ్గర్నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. వ్యాసం బాగుందన్నారు. ఒప్పుకోవడానికి ఒకే ఒక్క షరతు పెట్టారు. ‘మీ వాదానికి ఆధారమైన తొమ్మిదో పేజీలోని అంశానికి మీరు చూపిన మూడో రిఫరెన్సు మాకెక్కడా దొరకలేదు. బమ్మిడి కన్యాకుమారి, 2008, “చోటు పేరు”, సెమినార్ సంచికలో అచ్చులో ఉన్నది (ఇన్ ప్రెస్), అని ఇచ్చారు. పదహారేళ్ళుగా ఇంకా అచ్చులోనే ఉన్న ఈ వ్యాసం ప్రతి దయచేసి పంపండి. ఇందులో మీ వ్యాసం కంటే ముఖ్యమైనది ఉన్నట్టు తోస్తోంది.’

మా ప్రిన్సిపాల్ ఎదురుగానే చదివాను. నేను ముప్పై ఏడు ఇచ్చాను. నీలవేణి గారిద్దరినీ ఒకరిగా కలిపేసినా ఆవిడ రచనలు రెండూ ఉంటాయి. అంటే ముప్పై ఏడే ఉండాలి. సంతకం పెట్టిన కాగితాలకి నా దగ్గరున్న ప్రతి తీసి లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది! పైగా తొమ్మిదో పేజీలోనూ, పదిహేడో పేజీలోనూ నా వాక్యాల మధ్య నీ పేరు దూర్చావు. పెళ్ళికి ముందు ఇంటిపేరుతో పెట్టావు, నేను గుర్తుపట్టకూడదనే కదా?

లేని వ్యాసాన్ని ఉన్నట్టు చూపించడం ఎంత నేరమో నీకు తెలియదా? ఆ నేరం ఇప్పుడు నా నెత్తి మీద ఉంది, కింద నా సంతకం ఉంది. డిసెంబరు పదిహేను లోపల జవాబు చెప్పకపోతే వ్యాసం పోతుంది, పోస్టు పోతుంది, ఆ అర్చన ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? టైపింగు పొరపాటని నువ్వు ఒక ఉత్తరం రాసి పంపు. వేరే ఎవరిదో ఫైలు కలిసిపోయిందని రాయి. వెంటనే.

అనూరాధ


శ్రీకాకుళం,
11 నవంబరు 2024

అనూరాధా,

పొరపాటని రాయను. కావాలనే చేశాను.

ఎందుకు చేశానంటే, కుళ్ళు. ఇంకో మాట లేదు దానికి. నువ్వు జరీ అంచు చీర కట్టుకుని, మెడలో కాలేజీ కార్డు వేసుకుని నా షాపు గుమ్మంలో దిగిన ప్రతిసారీ నీకు టీ తెప్పిస్తాను, నవ్వుతాను, నువ్వెళ్ళాక ఆ గ్లాసు కడగడానికి కూడా చెయ్యి రాదు. జిల్లా పేపర్లో నీ ఫోటో పడితే ఆ పేజీ చింపి ప్రింటరు కింద పరిచాను. పదేళ్ళలో కొన్ని వేల పేర్లు సర్దాను. ఎవరెవరో రాసిన పుస్తకాలు, ఎవరెవరి ఇంటిపేర్లో. చుక్కలు పెట్టాను, వరస కట్టాను. ఒక్క పట్టికలోనైనా నా పేరు లేదు. స్కాలర్లు నన్ను టైపు మేడమ్ అంటారు. నువ్వూ అదే అన్నావు, ఢిల్లీ జర్నల్లో.

ఆ తొమ్మిదో పేజీ అందరికీ తెలిసిన సంగతా? ఆ సంగతి చెప్పింది అక్కడ చేపలు పరిచే జగ్గమ్మ. చెప్పించుకున్నది నేను. నాలుగు నెలలు దాని పక్కన కూర్చుని కవళ్ళ చేపలు తిరగేశాను, కంపు వదలక మా అమ్మ నన్ను వీధరుగు మీద అన్నం తినమనేది. నాలుగో నెలలో గాని జగ్గమ్మ నోరు విప్పలేదు. ‘ఇది మా అత్త సోటమ్మా. దాని పేరు ఎత్తకండా సేపలు పరిస్తే నాను దొంగనే గదేటి? సముద్రం సూస్తాది, సుట్టూ ఆడోల్లు సూస్తారు’ అంది. నువ్వు ఆ రోజు హాస్టల్లో ఉన్నావు. కళింగపట్నం నువ్వు మూడుసార్లు వచ్చావు, మూడుసార్లూ ముక్కుకి చేరుమాలు కట్టుకునే వచ్చావు.

ఆ వ్యాసం లేనిదేం కాదు. 2008 నవంబరులో నాకు టైఫాయిడ్ వచ్చి మంచం మీదుంటే నువ్వు చూడ్డానికి వచ్చావు. మన గైడు సార్ సెమినార్ సంచిక వేస్తున్నారు, ఇదే ఆఖరి వారం అన్నావు. శుద్ధప్రతి కవర్లో పెట్టి నీ చేతికే ఇచ్చాను, రంగనాథం సార్‌కి ఇమ్మని. సంచిక వచ్చింది, అందులో నీది ఉంది, నాది లేదు. సార్ ఒక్క మాట చెప్పలేదు. బాగోలేదని మొహం మీద చెప్పలేక ఊరుకున్నారనుకున్నాను. అడిగితే ఆ మాట వినాల్సి వస్తుందని అడగలేదు. పీహెచ్‌డీ అక్కడితో వదిలేశాను.

నా తప్పు కూడా చెప్తాను. అచ్చుకాని వ్యాసాన్ని పట్టికలో పెట్టకూడదని లేదు. ‘అముద్రితం’ అని రాసి పెట్టొచ్చు, పద్ధతి ఉంది. ఆ రూలు స్కాలర్లకి రోజుకి రెండుసార్లు చెప్తాను నేను. కానీ ఆ మాట కొట్టడానికి నా వేళ్ళు ఒప్పుకోలేదు. ‘అచ్చులో’ అని కొట్టాను. కొట్టి, ఆ లైను వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అనూ, నిజం చెప్తున్నాను, ఇన్నేళ్ళలో నాకు అంత సంతోషం ఎప్పుడూ లేదు. ఎవరో వెతుకుతారని అనుకోలేదు.

చిత్తుప్రతి నోటుబుక్కు నా దగ్గరుంది. జిరాక్సు తీసి పంపుతున్నాను. ఎడిటర్‌కి ఏం పంపుకుంటావో నీ ఇష్టం.

కన్యాకుమారి


విజయనగరం,
2 డిసెంబరు 2024

కన్యా,

మూడు వారాలు దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని కూర్చున్నాను. నాలుగు ఉత్తరాలు రాసి చింపాను. నాలుగింటిలోనూ అబద్ధాలే ఉన్నాయి.

నీ జిరాక్సు నాకు అక్కర్లేదు. శుద్ధప్రతి నా దగ్గరే ఉంది. ఈ కవర్లోనే పెడుతున్నాను, పదిహేడు కాగితాలు, నీ చేతిరాత. సార్‌కి అది చేరలేదు.

ఆ రోజు ఆముదాలవలసలో పాసింజరు ఎక్కాను. పొందూరు దాటాక కవరు విప్పాను. చదవకుండా ఉండలేకపోయాను. సార్ ఎప్పుడూ నీ పేరే తలుచుకునేవారు. ‘కన్యాకుమారి అయితే ఇంకో ప్రశ్న అడిగేదమ్మా’ అనేవారు నా కాగితాలు తిరిగి ఇస్తూ. ఏం రాశావో చూద్దామనుకున్నాను, బాగోకపోతే బాగుండునని మొక్కుకుంటూ చదివాను. చీపురుపల్లి వచ్చేసరికి అయిపోయింది. మా ఊరే కదా, దిగిపోయాను. బల్ల మీద కూర్చుని రెండోసారి చదివాను. రైలు వెళ్ళిపోయింది. ఇది సార్ చేతిలో పడితే నాది ఆయన తెరిచి కూడా చూడరని నాకు అర్థమైపోయింది. మా నాన్న బట్టల కొట్టుకి వెళ్ళి, గల్లా వెనక నా పెట్టెలో అడుగున పెట్టేశాను. సార్ అడిగారు. ‘ఇంకా సిద్ధంగా లేదంది సార్’ అన్నాను. నెల పోయాక మళ్ళీ అడిగారు. ‘దానికి ఆసక్తి పోయింది సార్’ అన్నాను.

నువ్వు నా మీద కుళ్ళుకున్నానని రాశావు. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నీ మీద నేను పడ్డ కుళ్ళు ముందు నీదెంత? నీది చీర చూసి, కార్డు చూసి. నాది నీ బుర్ర చూసి. చీర నేనూ నీకు కొనిపెట్టగలను. నీ బుర్ర నేనెక్కడ కొనుక్కోను?

పదహారేళ్ళు ఆ పెట్టె ముట్టుకోలేదు. మొన్న మార్చిలో అర్చన రెండో వ్యాసం అచ్చయ్యిందని స్టాఫ్‌రూములో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ ఆదివారమే చీపురుపల్లి వెళ్ళి పెట్టె తీశాను. తొమ్మిదో పేజీ నీది. నిజానికి పద్నాలుగు దాకా నీదే, మాటలు మార్చానంతే. నీ వ్యాసం నుంచి తీసినదాన్ని నీ దగ్గరికే సర్దమని పంపించాను చూడు, అంత ధైర్యం ఎలా వచ్చిందో నాకే తెలియదు. నువ్వు మరిచిపోయి ఉంటావనుకున్నాను. లేదా, గుర్తున్నా అడగవనుకున్నాను. నువ్వు ఎప్పుడూ అడగవు కదా.

డిసెంబరు పదిహేను దాకా గడువుంది. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

అనూరాధ


శ్రీకాకుళం,
7 డిసెంబరు 2024

ఏటే నువ్వు? నువ్వు మనిషివేనా?

సంబోధన రాయబుద్ధి కాలేదు, రాయలేదు.

కాగితాలు అందాయి. ఇరవై నాలుగేళ్ళ దాన్ని, గుండ్రంగా, నీలం సిరాతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసుకున్నాను. జ్వరంలో కూర్చుని రాశాను. షాపు షట్టరు సగానికి దించి చదివాను. బాగుందే. చాలా బాగుంది. అది నాకు చెప్పాల్సినవాళ్ళు ఎవరూ చెప్పలేదు, ఇప్పుడు నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

దొంగతనం చేశావని కాదు నా మంట. అది నీకు ఎలా చెప్పాలో చూస్తున్నాను. ఇన్నేళ్ళూ నీ మీద కుళ్ళుకుంటూ, నన్ను నేను తిట్టుకున్నాను. ‘స్నేహితురాలు పైకొస్తే ఓర్వలేవు, ఎంత నీచురాలివే కన్యా, నీకు చేతకాలేదు, దానికి చేతనైంది, ఒప్పుకోలేవా’ అనుకున్నాను. శివాలయానికి వెళ్ళి నా బుద్ధి మార్చమని దణ్ణం పెట్టాను, తెలుసా? ఆ కుళ్ళు నా లోపల ఉన్న ఒకే ఒక్క నిజమైన సాక్షి అని ఇప్పుడు తెలిసింది. దాని నోరు నేనే నొక్కుకున్నాను. నువ్వు కాగితాలు దాచావు, సరే, తిరిగిచ్చావు. దీన్ని ఏం చేసి తిరిగిస్తావు?

ఏం చెయ్యమంటే అది చేస్తానన్నావు. రెండు పనులు చెయ్యి. ఎడిటర్‌కి జరిగింది జరిగినట్టు రాయి. ‘అచ్చులో’ అని రాసిన తప్పు నాది, ఆ ముక్క నేనే విడిగా రాస్తాను, నువ్వు నన్ను కాపాడక్కర్లేదు. రెండోది, రంగనాథం సార్ దగ్గరికి వెళ్ళు. ఆయన మీ విజయనగరంలోనే ఉన్నారు కదా. ఆ కాగితాల జిరాక్సు నువ్వే స్వయంగా పట్టుకెళ్ళి ఆయన చేతిలో పెట్టు. పదహారేళ్ళ కింద ఇవ్వాల్సింది ఇప్పుడివ్వు.

ఇద్దరి పేర్లతో వేసుకుందాం అని మాత్రం రాయకు. ఆ కవరు విప్పను, ఉత్తరం ఉన్నా సరే.

కన్యాకుమారి


విజయనగరం,
28 జనవరి 2025

కన్యాకుమారికి,

రెండు పనులూ అయ్యాయి.

ఎడిటర్‌కి డిసెంబరు పన్నెండున రాశాను. వ్యాసం వెనక్కి తీసుకుంటున్నాననీ, అందులో ఆరు పేజీలు నావి కావనీ, ఎవరివో ఆ ప్రతి కూడా జత చేస్తున్నాననీ రాశాను. అంత చిన్న ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది.

సార్ దగ్గరికి మర్నాడు వెళ్ళాను. ఎనభై దాటాయి, భూతద్దం పెట్టుకుని చదువుతున్నారు. నిలబడే చెప్పాను, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన తిట్టలేదు. ‘ఆ పిల్లకి ఒక ఉత్తరం ముక్క నేను రాయొచ్చు కదమ్మా. ఎందుకు రాయలేదంటావు? వదిలేసిందని నాకూ పౌరుషం వచ్చింది. నీ మాట నమ్మడం నాకు తేలికైంది’ అన్నారు. తర్వాత కాగితాలు తీశారు. నా వ్యాసాలు పట్టుకెళ్ళినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని, టీ తాగుతూ, మాట్లాడుతూ తిరగేస్తారు. నీది మూడో పేజీకి వచ్చేసరికి తల ఎత్తి, ‘నువ్వు వెళ్ళమ్మా, నేను చదువుకుంటాను’ అన్నారు. నీ కాగితాలతో ఒంటరిగా ఉండాలనుకున్నారు. నేను తప్పు ఒప్పుకోవడానికి వెళ్ళాను కన్యా, గుమ్మం దిగుతూ అక్కడ కూడా కుళ్ళొచ్చింది నాకు. ఇది నీకు చెప్పకపోతే మళ్ళీ దాచినట్టవుతుంది.

ఇంటర్వ్యూ పది రోజుల కింద అయ్యింది. ఉత్తచేతులతో వెళ్ళాను. పోస్టు అర్చనకి వచ్చింది. మంచి పిల్లే, అందరికీ పూతరేకులు పంచింది. నాకు రెండు ఇచ్చింది. ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది, ఆ పిల్ల కింద చెయ్యాలి. మా ఆయన ‘ఎవడో వెధవ అడిగితే మాత్రం నువ్వెందుకు చెప్పేశావు’ అని వారం రోజులు గొణిగాడు.

క్షమించమని అడగడం లేదు.

అనూరాధ


శ్రీకాకుళం,
20 ఏప్రిల్ 2025

అనూరాధకి,

చాలా రోజులైంది. రాయాలా వద్దా అని ఆలోచించాను. పని ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఫిబ్రవరిలో ఆ ఎడిటర్ నాకు రాశారు. ‘చోటు పేరు’ను ఇప్పటి పరిస్థితికి తగ్గట్టు సవరించి పంపితే పరిశీలిస్తామన్నారు. ‘అచ్చులో’ అని రాసినందుకు రెండు చీవాట్లు కూడా పెట్టారు, తిన్నాను. మార్చి అంతా షాపు మధ్యాహ్నాలు మూసేసి కళింగపట్నం వెళ్ళాను. జగ్గమ్మ పోయింది, ఆరేళ్ళయ్యిందట. దాని కోడలు ఈశ్వరి పరుస్తోంది అక్కడ. నన్ను చూసి ‘నువ్వు రాతల కన్యవి కాదేటి? మా అత్త సెప్పేది, ఒకమ్మి వొచ్చేది, రాసుకుని ఎల్లిపోనాది, మల్లీ రానేదని’ అంది. అక్కడే ఇసకలో కూలబడి ఏడ్చాను. ఈశ్వరి కంగారుపడి కొబ్బరిబొండం కొట్టించింది.

సార్ రెండుసార్లు ఫోను చేశారు. ‘ఇంకో ప్రశ్న అడుగు’ అన్నారు. అడిగాను. వ్యాసం ఇరవై ఆరు పేజీలైంది.

నా షాపు రూలు నాకూ వర్తిస్తుంది. పట్టిక నేను కట్టాను, ఇంకో కన్ను పడాలి. ఈ విషయం తెలిసి, ఈ ఒడ్డు తెలిసి, తప్పు పట్టగలిగినవాళ్ళు నాకు నువ్వు తప్ప ఎవరూ లేరు. జాలిపడి అడుగుతున్నాననుకోకు. కోపం తగ్గిందనీ అనుకోకు. వ్యాసమూ పట్టికా రెండూ పెట్టాను. చూసి పంపు.

ఒక మాట దాచడం ఎందుకు, ఈ కవరు నీకు పంపడం నాకు బాగున్నాది.

కన్యాకుమారి


విజయనగరం,
4 మే 2025

కన్యాకుమారికి,

కవరు విప్పి, వ్యాసం పక్కన పడేసి, ముందు పట్టిక తీశాను. ఎందుకో నీకు తెలుసు. ఇంగ్లీషు అక్షరాల వరసలో ‘పి’ దగ్గరికి వెళ్ళాను. ముగ్గురున్నారు అక్కడ. పొట్నూరు అనూరాధ లేదు. కాగితం తిప్పి వెనక చూశాను, మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఇరవై ఎనిమిది పేర్లలో నేను ఎక్కడా లేను.

2016లో నేను చీపురుపల్లి సంతలో ఎండుచేపల అమ్మకం మీద రాసింది ఉంది కదా. అది నీ ఆరో పేజీకి సరిగ్గా అతుకుతుంది. నువ్వు మరిచిపోయే దానివి కాదు, దానికి పట్టిక కట్టింది నువ్వే. రెండో కన్నుగా చూసేదాన్ని, ‘ఇక్కడ ఒక మూలం తప్పిపోయింది’ అని రాసే హక్కు నాకుంది. ఎర్రపెన్ను తీశాను కూడా.

అప్పుడు ఆరో పేజీ చదివాను. నా వ్యాసం సాయం లేకుండా నువ్వు ఆ మాట వేరే దారిలో, ఈశ్వరి నోటి మాటతో చెప్పావు. నాది అక్కడ పెట్టొచ్చు. పెట్టకపోయినా ఆ పేజీ నిలబడుతుంది. ఎక్కడైనా ఒరుగుతుందేమో అని నాలుగుసార్లు చదివాను. ఒరగలేదు. మా ఆయన వచ్చి ఏమైందే అని అడిగాడు. తలనొప్పి అన్నాను.

పదకొండో దాంట్లో సంపుటి సంఖ్య వాలు అక్షరాల్లో ఉండాలి, సంచిక సంఖ్య మామూలుగా ఉండాలి. నువ్వు తిరగేశావు. అది మార్చు. అది తప్ప పట్టికలో ఏ తప్పూ లేదు, తప్పిపోయిన పేరూ లేదు. పంపించెయ్యి.

అనూరాధ